బ్రహ్మచర్యం పాటించే గే క్రైస్తవులు: గుర్తింపు, తోడు

అమెరికా, బ్రిటన్ దేశాల్లో ‘సెలిబేట్ గే క్రిస్టియన్స్’ అని పిలిచే ఒక చిన్న వర్గం ఉంది. తమకు స్వలింగాకర్షణ ఉందని వీరు దాచరు. స్త్రీ పురుషుల వివాహానికి వెలుపల లైంగిక సంబంధం తగదన్న సంప్రదాయ క్రైస్తవ బోధను మనస్ఫూర్తిగా నమ్ముతారు. అందుకని పెళ్లి లేకుండా జీవిస్తారు. సంఖ్యలో తక్కువే అయినా 2010 తరువాత అక్కడి సంఘాల్లో వీరి గురించి పెద్ద వాదమే నడిచింది.

వీరి పేరులోని ప్రతి మాటకూ ఎవరో ఒకరి అభ్యంతరం ఉంది. క్రైస్తవుడైనవాడు ‘గే’ అని చెప్పుకోవడమేమిటని సంప్రదాయవాదులు అంటారు. గే అని ఒప్పుకున్నాక బ్రహ్మచర్యం దేనికని ఉదారవాదులు అడుగుతారు. బ్రహ్మచర్యమంటే మఠాల్లో ఉండేవారి సంగతి కదా అని చాలామంది ప్రొటెస్టంట్లకు అనుమానం. ఇన్ని వైపుల నుంచి ప్రశ్నలు వస్తున్నా ఈ పేరునే పెట్టుకున్నారంటే, అందులో ఏ మాట వదిలినా తమ జీవితంలో ఒక నిజాన్ని వదిలినట్టేనని వారు భావించారు.

తెలుగులో బ్రహ్మచర్యం అనగానే నాలుగు ఆశ్రమాల్లో మొదటిది, చదువుకునే వయసు గుర్తుకొస్తుంది. అది గడిచిపోయే దశ. ఇక్కడ చెబుతున్నది జీవితకాలపు నిర్ణయం. కతోలిక గురువులు, సిస్టర్లు పుచ్చుకునే వ్రతానికి ఇది దగ్గరగా ఉన్నా, వీరిలో ఎక్కువమందికి వ్రతమూ లేదు, మఠమూ లేదు. ఉద్యోగాలు చేసుకుంటూ, అద్దె ఇళ్లలో ఉంటూ, ఆదివారం చర్చికి వెళ్లే మామూలు విశ్వాసులు. ‘గే’ అన్న మాటను ఈ వర్గంలోని స్త్రీలు కూడా తమకు వాడుకుంటారు.

మారుస్తామన్న కాలం

వీరికి ముందు తరానికి సంఘం చూపిన దారి వేరు. 1976లో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో మొదలైన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ, స్వలింగాకర్షణ నుంచి విడుదల సాధ్యమని బోధించింది. ప్రార్థనతో, సలహాలతో, క్రమశిక్షణతో మనిషి మారతాడని, పెళ్లి చేసుకుని పిల్లాపాపలతో ఉండగలడని చెప్పింది. ‘నేను మారాను’ అని వేదికలెక్కి సాక్ష్యం చెప్పినవారు ఈ ఉద్యమానికి ముఖాలయ్యారు. మారనివారికి రెండు బరువులు మిగిలాయి. ఆకర్షణ ఒకటి, తన విశ్వాసంలోనే ఏదో లోపం ఉందన్న అపరాధ భావం రెండవది. రెండోదే మనుషులను ఎక్కువగా కుంగదీసింది.

వైద్యరంగం అప్పటికే వేరే దారి పట్టింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే స్వలింగ సంపర్కాన్ని మానసిక రుగ్మతల జాబితా నుంచి తీసేసింది. ఆ మార్పులో ముఖ్యపాత్ర వహించిన రాబర్ట్ స్పిట్జరే, కొందరు మారడం సాధ్యమేనంటూ 2003లో ఒక అధ్యయనం ప్రచురించడం ఎక్సోడస్ వంటి సంస్థలకు కొండంత బలమిచ్చింది. 2012లో ఆయనే ఆ అధ్యయనంలోని లోపాన్ని ఒప్పుకుని, దాన్ని నమ్మి కాలం పోగొట్టుకున్నవారికి క్షమాపణ చెప్పాడు. అదే ఏడాది జనవరిలో ఎక్సోడస్ అధ్యక్షుడు అలన్ ఛాంబర్స్, తాను చూసినవారిలో నూటికి 99.9 మంది ఆకర్షణ మారలేదని బహిరంగంగా అన్నాడు. 2013 జూన్‌లో క్షమాపణతో పాటు సంస్థ మూసివేతను ప్రకటించాడు.

ఎక్సోడస్ మూతపడింది కానీ, దాని దగ్గరికి వెళ్లినవారి ప్రశ్న మూతపడలేదు. ఆకర్షణ మారలేదు, బైబిలు బోధ మీద నమ్మకమూ మారలేదు. ఇప్పుడు ఎలా బతకాలి?

అమెరికాలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులకు పొట్టి పేర్లున్నాయి. దేవుడు స్వలింగ వివాహాన్ని ఆశీర్వదిస్తాడనే పక్షం ‘సైడ్ ఎ’. ఆకర్షణ ఉన్నట్టు ఒప్పుకుని, దాన్ని పాపంగా ఎంచకుండా, బ్రహ్మచర్యంలో ఉండాలనేది ‘సైడ్ బి’. మారి తీరాలనే పాత పక్షం ‘సైడ్ ఎక్స్’. బ్రహ్మచర్యానికి ఒప్పుకుంటూనే ‘గే’ అన్న పేరును మాత్రం విడిచిపెట్టాలనేవారిది ‘సైడ్ వై’. మొదటి రెండు పేర్లు 1990ల చివరలో పుట్టాయి. 2001లో జస్టిన్ లీ స్థాపించిన గే క్రిస్టియన్ నెట్‌వర్క్ వాటికి ప్రచారమిచ్చింది. లీ స్వయంగా సైడ్ ఎ పక్షమే. అయినా రెండు పక్షాలవారూ ఒకే కప్పు కింద కూర్చోవాలని పట్టుబట్టాడు. బ్రహ్మచర్యం ఎంచుకున్న చాలామందికి తమలాంటి మరొకరు మొదటిసారి కనిపించింది అక్కడే.

పేరు మీద పోరు

లైంగిక గుర్తింపు గురించి ఈ వర్గంలో జరిగిన ఆలోచనకు మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ యార్‌హౌస్ ఒక చట్రం ఇచ్చాడు. ఒకరి పట్ల ఆకర్షణ కలగడం ఒకటి. ఆ ఆకర్షణ బలంగా, చాలాకాలంగా ఒకే వైపు ఉండడం రెండవది, దాన్ని లైంగిక ధోరణి అనవచ్చు. ‘నేను గే’ అని తనకు తాను ఒక పేరు పెట్టుకోవడం, దాని చుట్టూ తన కథను అల్లుకోవడం మూడవది, అదే గుర్తింపు. మొదటి రెండూ మనిషి ఎంచుకునేవి కావు. మూడోదానిలో మాత్రం ఎంచుకోవడానికి కొంత చోటుంది. 2006లో వారెన్ థ్రాక్‌మార్టన్‌తో కలిసి ఆయన తయారుచేసిన సలహా విధానం, ఆకర్షణను మార్చే పనిని పక్కన పెట్టింది. మనిషి విశ్వాసానికీ ప్రవర్తనకూ పొందిక కుదిర్చే పని మీద నిలిచింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2009 నివేదిక కూడా ధోరణినీ గుర్తింపునూ వేరువేరుగా చూసింది. మార్పు చికిత్సలు పనిచేస్తాయనడానికి తగిన ఆధారం లేదంది. ముందే ఒక ఫలితాన్ని నిర్ణయించకుండా, మతవిశ్వాసం గల మనిషికి తన గుర్తింపును తానే వెతుక్కునే తోడ్పాటు ఇవ్వమని మానసిక చికిత్సకులకు సూచించింది.

శాస్త్రవేత్తలకు ఇంత స్పష్టంగా కనబడిన తేడా సంఘాల్లో పెద్ద చిక్కు అయింది. ‘గే క్రైస్తవుడు’ అనవచ్చా? వద్దనేవారి వాదం తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. విశ్వాసి గుర్తింపు క్రీస్తులోనే ఉండాలని, తనకు వచ్చే శోధన పేరుతో తనను పిలుచుకోకూడదని వారంటారు. 2017 ఆగస్టులో కొందరు ఎవాంజెలికల్ నాయకులు వెలువరించిన నాష్‌విల్ ప్రకటన, ఏడో అధికరణంలో స్వలింగ గుర్తింపును స్వీకరించడమే దేవుని ఉద్దేశానికి విరుద్ధమంది. కతోలిక శ్రీసభకు చెందిన కరేజ్ సంస్థ, బ్రిటన్‌లోని లివింగ్ అవుట్ సంస్థ ‘స్వలింగాకర్షణ గలవారు’ అన్న మాటనే ఇష్టపడతాయి.

‘గే’ అన్న మాటను వదలనివారికీ కారణాలున్నాయి. ‘స్వలింగాకర్షణ’ అన్న మాటలో చాలామందికి ఎక్సోడస్ కాలపు వాసన తగులుతుంది. తగ్గించవలసిన జబ్బు పేరులా వినిపిస్తుంది. పైగా ఈ అనుభవం పడకగదికే పరిమితం కాదని వారంటారు. ఎవరితో స్నేహం ఎంత లోతుగా ఉంటుంది, ఏ అందం మనసును పట్టుకుంటుంది, బడిలో ఏ హేళన పడ్డారు, ఎవరి బాధ చప్పున అర్థమవుతుంది అనే వాటన్నిటినీ ఆ ఒక్క మాట మోస్తుందంటారు. యేల్‌లో చదువుతూ 1998లో కతోలిక విశ్వాసంలోకి వచ్చిన రచయిత్రి ఈవ్ టష్నెట్ 2014లో వెలువరించిన పుస్తకానికి ‘గే అండ్ కాథలిక్’ అనే పేరు పెట్టింది.

రెండు వాదాలూ విన్నాక ఈ వ్యాసకర్తకు తోచేది ఒకటుంది. పేరు గురించి గంటలకొద్దీ వాదించిన సంఘాలు, ఆ పేరుగల మనిషి ఆ రాత్రి ఎవరితో కలిసి అన్నం తింటున్నాడో చాలా అరుదుగా అడిగాయి.

పోయిన స్నేహం కోసం వెతుకులాట

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో పౌలు పెళ్లి లేని జీవితాన్ని మెచ్చుకున్నాడు. మత్తయి సువార్త 19వ అధ్యాయంలో పరలోక రాజ్యం కోసం పెళ్లికి దూరమైనవారిని యేసు ప్రస్తావించాడు. వెయ్యేళ్లకు పైగా క్రైస్తవ లోకం బ్రహ్మచారులకు గౌరవమూ ఇచ్చింది, ఇల్లూ ఇచ్చింది. ఆ ఇల్లు మఠం. 16వ శతాబ్దపు సంస్కరణ మఠాల తలుపులు మూసింది. 1525లో మార్టిన్ లూథర్ ఒకప్పటి సన్యాసిని కాథరీనా ఫాన్ బోరాను పెళ్లాడాక, పాస్టరు ఇల్లంటే భార్యాపిల్లలున్న ఇల్లే అయింది. ప్రొటెస్టంట్ సంఘాల్లో పెళ్లికాని మనిషి ఇంకా పెళ్లి కావలసిన మనిషిగా మిగిలాడు. ముప్పై దాటినవాణ్ణి ‘పప్పన్నం ఎప్పుడు పెడతావు’ అని మన పల్లెల్లో అడిగినట్టే అక్కడా అడుగుతారు. ఇలాంటి సంఘం ఒక వర్గాన్ని మాత్రం పిలిచి జీవితాంతం బ్రహ్మచర్యం పాటించమంటోంది. బ్రిస్టల్ పాస్టర్ ఎడ్ షా 2015లో రాసిన ‘ద ప్లాజిబిలిటీ ప్రాబ్లమ్’ వాదమంతా ఇదే. బోధ కష్టమైనది కావడం అసలు సమస్య కాదని, ఆ బోధ ప్రకారం బతకడం నమ్మశక్యం కాకుండా చేసింది సంఘపు అలవాట్లేనని ఆయన అన్నాడు.

ఈ లోటును పూడ్చే ప్రయత్నంలో వెస్లీ హిల్ పేరు ముందు చెప్పాలి. కొత్త నిబంధన పండితుడైన హిల్ 2010లో ‘వాష్డ్ అండ్ వెయిటింగ్’ రాశాడు. గే క్రైస్తవుడి ఒంటరితనం, సిగ్గు, ఎదురుచూపు అందులో కనిపిస్తాయి. అందులోనే హెన్రీ నౌవెన్ జీవితాన్ని తలచుకున్నాడు. నౌవెన్ నెదర్లాండ్స్‌లో 1932లో పుట్టిన కతోలిక గురువు. ఒంటరితనం గురించి లక్షలాది మందిని కదిలించేలా రాశాడు. చివరి పదేళ్లు టొరంటో దగ్గర మేధో వైకల్యం గలవారితో కలిసి ఒకే ఇంట్లో జీవించాడు. ఆయనకు స్వలింగాకర్షణ ఉన్న సంగతి 1996లో ఆయన మరణించాక జీవితచరిత్రల ద్వారా లోకానికి తెలిసింది. అంత మందికి ఊరటనిచ్చిన మనిషి, తన బాధకు అసలు కారణాన్ని కొద్దిమంది ఆప్తులకు తప్ప చెప్పుకోలేకపోయాడు.

హిల్, కతోలికుడైన రాన్ బెల్గావ్ కలిసి 2012లో ‘స్పిరిచువల్ ఫ్రెండ్‌షిప్’ అనే రచనా వేదికను ప్రారంభించారు. ఈ పేరు 12వ శతాబ్దానిది. ఇంగ్లండులోని రీవో మఠాధిపతి పునీత ఏల్‌రెడ్ లాటిన్‌లో రాసిన గ్రంథం పేరు అది. స్నేహం భక్తికి అడ్డు కాదని, భక్తికి అదే ఒక దారి అని ఏల్‌రెడ్ అందులో వాదించాడు. 2015లో వచ్చిన హిల్ పుస్తకానికీ ఇదే పేరు. మొదటి పుస్తకంలో ఎదురుచూస్తూ ఉన్న మనిషి రెండోదానిలో వెతకడం మొదలుపెట్టాడు. స్నేహానికి కూడా పెళ్లికి ఉన్నట్టు ఒక మాట, ఒక బాధ్యత, నలుగురి ఎదుట ఒప్పుకోలు ఎందుకు ఉండకూడదని అడిగాడు.

ఈ ప్రశ్నకు చరిత్రలో పునాది చూపినవాడు అలన్ బ్రే. గే హక్కుల ఉద్యమంలో పనిచేసి, తరువాత కతోలికుడైన చరిత్రకారుడు. ఆయన మరణించాక 2003లో వచ్చిన ‘ద ఫ్రెండ్’ అనే పుస్తకం ఇంగ్లండు చర్చిల్లోని సమాధులను చదివింది. కేంబ్రిడ్జ్ క్రైస్ట్స్ కళాశాల ప్రార్థనామందిరంలో జాన్ ఫించ్, థామస్ బెయిన్స్ ఒకే సమాధిలో ఉన్నారు. 1681లో కాన్‌స్టాంటినోపుల్‌లో బెయిన్స్ చనిపోతే, అక్కడ రాయబారిగా ఉన్న ఫించ్ ఆ దేహాన్ని అంత దూరం నుంచి ఇంగ్లండు తీసుకొచ్చాడు. మరుసటి ఏడాది తానూ పోయి ఆ పక్కనే చేరాడు. 1890లో మరణించిన కార్డినల్ న్యూమన్, తన కోరిక ప్రకారం, పదిహేనేళ్ల ముందు పోయిన ఆప్తమిత్రుడు ఆంబ్రోస్ సెయింట్ జాన్ సమాధిలోనే ఖననమయ్యాడు. ఈ మిత్రుల లైంగికత ఏమిటో తేల్చడం బ్రే ఉద్దేశం కాదు, అలా తేల్చడం సరికాదు కూడా. ఒకప్పటి సంఘం స్నేహాన్ని బంధుత్వంగా గుర్తించిందనీ, దాన్ని రాతి మీద చెక్కి చర్చి లోపల నిలిపిందనీ ఆయన చూపించాడు. బ్రహ్మచారులైన గే క్రైస్తవులకు ఆ రాళ్లు ఒక ఆస్తిపత్రంలా దొరికాయి.

తోడు అంటే ఏమిటి

కతోలిక శ్రీసభలో ఈ తోడుకు ఒక పాత ఏర్పాటుంది. న్యూయార్క్ కార్డినల్ టెరెన్స్ కుక్ చొరవతో 1980లో ఫాదర్ జాన్ హార్వీ మొదలుపెట్టిన కరేజ్ సంస్థలో సభ్యులు ఒక గురువు సమక్షంలో చిన్న గుంపులుగా కలుస్తారు. పరిశుద్ధత, ప్రార్థన, సహవాసం, పరస్పర సాయం, మంచి మాదిరి అనే అయిదు లక్ష్యాలు పెట్టుకుంటారు. 1992 నాటి కతోలిక సత్యోపదేశ గ్రంథం సైతం స్వలింగాకర్షణ గలవారిని గౌరవంతో, కరుణతో స్వీకరించమని చెబుతూ, వారికి స్నేహం ఆసరాగా నిలుస్తుందని గుర్తించింది. బ్రిటన్‌లో 1977 నుంచి ట్రూ ఫ్రీడమ్ ట్రస్ట్, 2013 నుంచి లివింగ్ అవుట్ ప్రొటెస్టంట్లకు ఇలాంటి పనే చేస్తూ వచ్చాయి. అమెరికాలో నేట్ కాలిన్స్ స్థాపించిన రివాయిస్ సంస్థ 2018 జులైలో సెయింట్ లూయిస్‌లో తొలి సమావేశం జరిపింది.

వారానికో నెలకో జరిగే సమావేశంతో మనిషికి ఇల్లు ఏర్పడదు. బ్రహ్మచారుల రాతల్లో మళ్లీ మళ్లీ కనిపించే ప్రశ్నలు చాలా చిన్నవి. ఆపరేషన్‌కు వెళ్తే ఆసుపత్రి కాగితాల్లో దగ్గరి బంధువు అన్నచోట ఎవరి పేరు రాయాలి? క్రిస్మస్ రోజు మధ్యాహ్నం ఎక్కడికి వెళ్లాలి? ఊరు మారాలో వద్దో ఎవరితో మాట్లాడి తేల్చుకోవాలి? పెళ్లైన స్నేహితుడికి బిడ్డ పుట్టాక ఆ ఇంటి తలుపు తన కోసం ఇంకా తెరిచి ఉంటుందా? డెబ్బై ఏళ్లు వచ్చాక ఎవరు చూస్తారు? భార్యాభర్తలకు ఈ జవాబులు అడగకుండానే దొరుకుతాయి. బ్రహ్మచారి ఒక్కొక్కటే కూడగట్టుకోవాలి.

కొందరు కూడగట్టుకున్నారు. పెళ్లైన మిత్రుల కుటుంబంతో ఒకే ఇంట్లో ఉంటూ వారి పిల్లలకు జ్ఞానస్నాన తండ్రులై, తల్లులై పెంపకంలో పాలు పంచుకునేవారున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు నడిపేవారున్నారు. నాష్‌విల్‌లో పీటర్ వాల్క్, మరికొందరు కలిసి ‘నాష్‌విల్ ఫ్యామిలీ ఆఫ్ బ్రదర్స్’ అనే సోదర సమాజాన్ని నెలకొల్పారు. వేర్వేరు సంఘాలకు చెందిన పురుషులు జీవితకాల బ్రహ్మచర్యానికి మాట ఇచ్చి ఒకే ఇంట్లో ఉంటారు. ప్రొటెస్టంట్లు దాదాపు అయిదు శతాబ్దాల కిందట మూసిన తలుపును మళ్లీ తట్టడమే ఇది. తన కోసం ఇల్లు విడిచినవారికి నూరంతలుగా ఇళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తల్లులు దొరుకుతారని మార్కు సువార్త పదో అధ్యాయంలో యేసు చేసిన వాగ్దానాన్ని ఈ వర్గంవారు తరచుగా ఎత్తిచూపుతారు. ఆ వాగ్దానం నెరవేరేది సంఘం చేతుల మీదుగానే కదా అని అడుగుతారు.

తల్లిదండ్రుల తోడు మరొకటి. 2015 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన కతోలిక ప్రపంచ కుటుంబాల సమావేశంలో రాన్ బెల్గావ్ తన తల్లితో కలిసి ప్రసంగించాడు. కొడుకు మాట విన్నాక తల్లి ఎలా స్పందించిందో ఆ తల్లే చెప్పడం వేల కుటుంబాలకు పనికొచ్చే సంగతి.

ఈ జీవితాల మీద లోతైన పరిశోధన తక్కువ. యార్‌హౌస్, ఓల్యా జపరోజెట్స్ కలిసి 2019లో ప్రచురించిన ‘కాస్ట్లీ ఒబీడియన్స్’ 300 మంది బ్రహ్మచారులైన గే క్రైస్తవుల మాటల మీద ఆధారపడింది. విధేయతకు వెల ఉందని, ఆ వెలను ఒక్క వర్గం చేతే కట్టించడం సంఘానికి తగదని పుస్తకం సారం. మరోవైపు 2014లో జాన్ డెలిన్ బృందం స్వలింగాకర్షణ గల 1,612 మంది మోర్మన్‌లను, ఆ మతం వదిలినవారితో సహా, అధ్యయనం చేసింది. ఒంటరి బ్రహ్మచర్యంలో ఉన్నవారి జీవన నాణ్యత, స్వలింగ బంధంలో స్థిరపడినవారి కంటే తక్కువగా కనిపించింది. బ్రహ్మచర్యాన్ని బోధించే ఎవరైనా ఈ ఫలితాన్ని పక్కకు నెట్టకూడదు.

నియమం పాటించినా అనుమానమే

ఈ చరిత్రలో అన్నిటికంటే బాధించేది ఇదే. సంఘం పెట్టిన నియమాన్ని అక్షరాలా పాటించినవారినే సంఘం అనుమానించింది.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 1991లో స్వలింగాకర్షణ గల గురువులు బ్రహ్మచారులై ఉండాలని చెప్పింది. 2003లో రెడింగ్ బిషప్పుగా ఎంపికైన జెఫ్రీ జాన్, తన సహచరుడితో బంధం బ్రహ్మచర్యంలోనే ఉందని చెప్పినా, ఒత్తిడికి తలొగ్గి తప్పుకోవలసి వచ్చింది. పదమూడేళ్లకు, 2016లో, గ్రంథమ్ బిషప్ నికొలస్ చాంబర్లేన్ తనదీ అలాంటి బంధమేనని వెల్లడించినప్పుడు పదవి నిలిచింది. వాటికన్ 2005లో జారీ చేసిన సూచన, లోతుగా పాతుకున్న స్వలింగ ధోరణి గలవారిని గురువిద్యాలయాల్లో చేర్చుకోవద్దంది. ఏ గురువైనా పాటించవలసిన బ్రహ్మచర్యాన్నే పాటించడానికి సిద్ధమై వచ్చినవారికీ ఇది వర్తించింది.

అమెరికాలో రివాయిస్ తొలి సమావేశానికి చోటిచ్చింది సెయింట్ లూయిస్ మెమోరియల్ ప్రెస్బిటేరియన్ చర్చి. దాని పాస్టర్ గ్రెగ్ జాన్సన్ 2019లో తాను స్వలింగాకర్షణ గల బ్రహ్మచారినని ‘క్రిస్టియానిటీ టుడే’లో రాశాడు. ఆయన బోధలోగానీ నడవడిలోగానీ తప్పు పట్టలేక, ఆయన శాఖ ప్రెస్బిటేరియన్ చర్చ్ ఇన్ అమెరికాలో వాదం ఆయన తన గురించి చెప్పుకున్న మాటల మీదికి మళ్లింది. శాఖ ప్రాంతీయ సభ, ఆపై న్యాయ సభ విచారించి అభియోగం అవసరం లేదన్నా వివాదం ఆగలేదు. 2022 నవంబరులో ఆ చర్చి శాఖను విడిచింది.

రెండో వైపు నుంచి వచ్చే విమర్శ వేరు. బ్రహ్మచర్యం వరమే తప్ప ఒక వర్గం మీద మోపే ఆజ్ఞ కాదని మాథ్యూ వైన్స్ 2014 నాటి పుస్తకంలో వాదించాడు. ఈ జీవితాన్ని కొంతకాలం నమ్మి జీవించి తరువాత మారినవారూ ఉన్నారు. వీటన్ కళాశాలలో పనిచేసిన జూలీ రాడ్జర్స్ 2015లో స్వలింగ వివాహాన్ని సమర్థిస్తున్నట్టు చెప్పి ఉద్యోగం వదిలింది. ఆమెది పతనమని అనేవారు ఒకవైపు, విముక్తి అనేవారు మరోవైపు. ఒక మనిషి ఎన్ని రాత్రులు ప్రార్థించి ఆ నిర్ణయానికి వచ్చిందో ఇద్దరికీ తెలియదు. బ్రహ్మచర్యంలో కొనసాగినవారి రాత్రుల గురించి కూడా అంతే.

మన దగ్గర

భారతదేశంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంపర్కాన్ని నేరమనే 377వ సెక్షన్‌ను పెద్దల పరస్పర అంగీకారంతో కూడిన సంబంధాలకు వర్తించకుండా చేసింది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. మార్పు చికిత్స చేయడం వైద్యుడికి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. తెలుగు సంఘాల్లో ఈ విషయం మీద బహిరంగంగా మాట చాలా తక్కువ. చాలా ఇళ్లలో కతోలిక, ప్రొటెస్టంట్, హిందూ, ముస్లిం తేడా లేకుండా దీనికి మందు ఒకటే, పెళ్లి. ఆ మందు ఇద్దరి జీవితాలను పాడుచేస్తుంది. వారిలో ఒకరికి ఆ మందు తమకెందుకు పోశారో కూడా తెలియదు.

పాస్టరుగారూ, ఫాదర్‌గారూ, అమ్మా, అన్నా, మీలో ఎవరి దగ్గరికైనా ఒక కుర్రవాడో అమ్మాయో వచ్చి ఈ మాట చెబితే, పూర్తిగా వినండి. దాన్ని మీ దగ్గరే ఉంచుకోండి. సంబంధాలు చూడడం మొదలుపెట్టకండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీ ఇంటికి భోజనానికి పిలవండి, ఆ తరువాతి ఆదివారం కూడా.